తొమ్మిది నొక్కితే వచ్చే మాటలు

ఆస్పత్రి రికార్డుల గదిలో ఆవిడను అందరూ టైపక్క అంటారు. పద్దెనిమిదేళ్ళుగా అదే కుర్చీ. కోడి గెలికినట్టుండే డాక్టర్ల రాతను చదివి, రోగి ఇంటివాళ్ళకిచ్చే కాగితం టైపు చేయడం ఆవిడ పని. రోజుకు యాభై ఫైళ్ళు! తల ప్రాణం తోకకొచ్చేది. చివరికి ఒక మధ్యాహ్నం కంప్యూటర్లో మెనూలన్నీ గాలించి, ఎప్పుడూ వాడే పేరాలకు తలా ఒక షార్ట్‌కట్ పెట్టుకుంది. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని ఒకటి నొక్కితే జ్వరం, రెండు నొక్కితే కాన్పు, మూడు నొక్కితే కాలు విరగడం. చావుకు తొమ్మిది. దూరంగా ఉంటుంది, పొరపాటున వేలు పడదు.

తొమ్మిది నొక్కితే మూడు వాక్యాలు దిగేవి. "వైద్యులు శాయశక్తులా ప్రయత్నించారు. చివరి క్షణాల్లో కుటుంబ సభ్యులు పక్కనే ఉన్నారు. మా ప్రగాఢ సానుభూతి." నిజంగా ఉన్నారో లేదో చూసే తీరిక ఎవరికుంది? మొదట్లో ఒక్కో కాగితానికీ కళ్ళు తుడుచుకున్న మనిషే, తొమ్మిది వచ్చాక మనసు మొద్దుబారి, టీ తాగుతూ నొక్కేది.

ఒకసారి ఆవిడ అన్నయ్యకు జబ్బు చేస్తే అదే ఆస్పత్రిలో మూడో అంతస్తులో చేర్చారు. ఐదో రోజు పొద్దున వదినతో తనే అంది, "నువ్వు నడుం వాల్చి నాలుగు రోజులైంది. ఇంటికెళ్ళి స్నానం చేసిరా. పక్కన నేనుంటాగా!"

వదిన అటు వెళ్ళింది. అన్నయ్య నిద్రపోతున్నాడు కదా, రెండు ఫైళ్ళు తేల్చుకొద్దామని ఈవిడ కిందికి దిగింది. రెండు కాస్తా ఇరవై అయ్యాయి.

ముందు షార్ట్‌కట్ నొక్కడం, తర్వాత ఖాళీల్లో పేరు నింపడం ఆవిడ పద్ధతి. తర్వాతి ఫైలు అట్ట మీద చావు ముద్ర చూసి తొమ్మిది నొక్కింది. పేరు కోసం తెరిచింది. అన్నయ్య పేరు. అప్పుడే డ్యూటీ మారి వచ్చిన నర్సుకు పాపం వాళ్ళ చుట్టరికం తెలియదు.

ఏడుపు రాలేదు. పేరు, వయసు, సమయం నింపి, ప్రింటు తీసి సంతకానికి పంపింది. వేళ్ళు వాటంతట అవే చేసుకుపోయాయి.

కబురు విని, తల తడైనా ఆరకుండా పరుగెత్తుకొచ్చిన వదిన ఆ కాగితం చదివి కూలబడింది. ఈవిడ చేతులు పట్టుకుంది.

"పక్కనే ఉన్నావన్నమాట. మీ అన్నయ్య ఒంటరిగా పోలేదు కదమ్మా, అదొక్కటీ చాలు నాకు. ఏమైనా అడిగాడా?"

"లేదు వదినా. నిద్రలోనే."

రెండు వారాల తర్వాత పనిలోకి వచ్చి, ముందుగా ఆ తొమ్మిదిని తీసేసింది. ఇప్పుడు వార్డుకు ఫోన్ చేసి, పక్కన ఎవరున్నారో అడిగితే గానీ ఆ వాక్యం కొట్టదు. "ఏంటక్కా నీ చాదస్తం!" అని నర్సులు విసుక్కుంటారు.

ఏం లాభం? ఆ కాగితాన్ని వదిన ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. ఇంటికి ఎవరొచ్చినా తీసి, ఆ రెండో వాక్యం చదివి వినిపిస్తుంది. "మా ఆడపడుచు పక్కనే ఉందండీ," అంటుంది. టైపక్క తల ఊపుతుంది. ఏడుపు మాత్రం ఇంతవరకూ రాలేదు.