పదకొండు ఆయ్‌లు

మా బావమరిది గల్ఫ్ నుంచి ఫోను చేసిన రోజు నా డైరీలో రెండు పేజీలు నిండాయి. రోజుకు ఒక పేజీ దాటకూడదని ఉద్యోగంలో చేరిన కొత్తలో పెట్టుకున్న నియమం అది. ఇన్నేళ్ళలో దాన్ని తప్పింది బహు కొద్దిసార్లు.

"బావగారూ, గ్రౌండంతా కొత్తగా గీతలు వెయ్యాలండి. గడ్డి మార్చేరు, పాత గుర్తులు ఒక్కటీ లేవు. మనం మూలలు ఎలా కలిపేవాళ్ళమో ఓసారి చెప్తారా?" అని అడిగాడు.

నేను సర్వేయరుగా చేసి రిటైరైనవాణ్ణి. కొత్తపేట, రాజోలు, అమలాపురం, మూడు చోట్లా పనిచేసి చివరికి ముక్తేశ్వరంలో ఇల్లు కట్టుకున్నాను. బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, ఇంటర్ తప్పాక నాలుగేళ్ళు నా వెనక కొలత గొలుసు పట్టుకుని తిరిగాడు. లంక భూముల్లో మోకాలి లోతు ఒండ్రులో కూడా గొలుసు బిగువు సడలనిచ్చేవాడు కాదు. తరవాత గల్ఫ్ వెళ్ళి తోటపనిలో చేరి, ఆటస్థలాల్లో గడ్డి పెంచే కంపెనీలోకి మారాడు. ఇరవై ఏళ్ళకు పైగా గడ్డి కోస్తూనే ఉన్నాడు. గీతలు వేసే పని మాత్రం ఎప్పుడూ ఫోర్‌మన్ చేతిలోనే ఉండేది.

ఈసారి ఆ ఫోర్‌మన్ పని మానేశాడు. అంతర్జాతీయ రగ్బీ పోటీలు నెత్తి మీదకొచ్చాయి. మూడు గ్రౌండ్లలో రెండో నంబరుది మావాడికి అప్పగించారు. మొదటిరోజు ఆటలు ముగిశాక సాయంత్రం నిర్వాహకులు టేపులు పట్టుకొచ్చి కొలుస్తారట. సరిపోతే ఫోర్‌మన్ ఉద్యోగం అతనిదే. సరిపోకపోతే, యాభై దాటినవాణ్ణి కంపెనీ మరో ఏడాది ఉంచుతుందన్న నమ్మకం లేదు. ఈ సంగతి నాతో చెప్పలేదు, అక్కతో చెప్పాడు. ఆమె నాకు చెప్పింది.

అందుకని నేను సూచనలన్నీ వరస పెట్టి చెప్పాను. మొత్తం పదకొండు. మొదట పొడవుగా ఉన్న గీత వేసుకో, మూల దగ్గర మూడు నాలుగు అయిదు కొలతల తాడుతో లంబం తియ్యి, ఎదురు మూలలు రెండు వైపులా కొలిచి సరిచూసుకో, ఇలాంటివి. ఒక్కొక్కదానికీ అతను "ఆయ్" అన్నాడు. మా గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళు ఏదైనా చెబుతుంటే "అలాగేనండి" అనడానికి అదే మాట. నేను అంకె వేసుకుని పక్కన ఆయ్ అని రాసుకున్నాను. మా ఆవిడ గుమ్మంలో కూర్చుని అంతా విన్నది.

"పెళ్ళినాడు పంతులుగారికి కూడా మావాడు ఇన్నిసార్లు ఆయ్ అనలేదు" అంది.

ఈ పదకొండిటిలో తొమ్మిదోది నాకు ముఖ్యం. గీతకు కట్టే తాడు గీత నడిమి మీద ఉండాలన్నది ఆ మాట. కోనసీమలో తగాదాలు పుట్టేది గట్టు మీదే. రెండు కమతాల మధ్య గట్టు రెండడుగులుంటుంది. దాని మీద కొబ్బరిచెట్టు ఉంటుంది. కాయ అటు పడితే ఒకరి గొడవ, ఇటు పడితే ఇంకొకరి గొడవ. నేను పనిచేసిన రోజులన్నీ గొలుసును గట్టు నడిమి మీద నుంచే పోనిచ్చాను. అటు సగం ఒకరిది, ఇటు సగం ఇంకొకరిది. గీత ఏదైనా అంతేనని నా లెక్క.

ఆ ఆటలు జరుగుతుండగానే చూడాలని నిర్ణయించుకున్నాను. తరవాత ఎవరో ముక్కలు చేసి పెట్టిన వీడియో నాకు పనికిరాదు. రగ్బీ ఏ ఛానల్లో వస్తుందని కేబులతన్ని అడిగాను. "రగ్గులు అమ్మే ఛానలాండి?" అన్నాడు. రగ్గులు కాదు, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడే ఆట అని చెప్పాను. అతను తీరిగ్గా వెతికి, పెద్ద స్టేడియంలో ఆడేవి ఒక ఛానల్లో వస్తాయని, రెండో గ్రౌండు ఏ ఛానల్లోనూ రాదని తేల్చాడు.

బావమరిది వాట్సాప్‌లో ఒక లింకు పంపాడు. అందులో రెండో గ్రౌండు వస్తుంది, కానీ చేతిలో పట్టే ఫోనులో గీత వెంట్రుకలా కనిపిస్తుంది. అమలాపురం వెళ్ళి ఫోనుకూ టీవీకీ మధ్య తగిలించే వైరు తెచ్చాను. అది మా టీవీకి పట్టలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి మార్చుకొచ్చాను. మొత్తం తొమ్మిది మెట్ల పని, ఏ మెట్టు తరవాత ఏది నొక్కాలో డైరీ వెనక అట్ట మీద రాసుకుని, మూడు రోజులు వరసగా ఉదయం పూట సాధన చేశాను. కరెంటు పోతే ఇన్వర్టరు ఎంతసేపు నిలుస్తుందో కూడా ఒకసారి చూసుకున్నాను. ఆట నియమాల పుస్తకం జిరాక్సు షాపులో ప్రింటు తీయించాను. బొత్తి చాలా లావుగా వచ్చింది. ఆట మొదలయ్యేలోగా మూడో వంతు చదవగలిగాను.

మొదటిరోజు పదిన్నరకు, అంటే అక్కడి తొమ్మిదికి, టీవీలో పచ్చటి నేల కనిపించింది. కెమెరా ఎక్కడో ఎత్తున ఒకేచోట బిగించారు. కదలదు. వ్యాఖ్యానం లేదు, గాలి హోరు, ఈలలు, అప్పుడప్పుడు అరుపులు. నాకు అదే కావాలి. ఎదురుగా ఒక పటం పరిచినట్టు ఉంది. తెల్లటి గీతలు నిటారుగా, మూలలు పదునుగా ఉన్నాయి. మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది.

ఆడేది ఆడపిల్లలు. జట్టుకు ఏడుగురు. సగానికి ఏడు నిమిషాలు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి, మనిషి మాత్రం ముందుకే పరిగెత్తాలి. బంతితో వచ్చే పిల్లను ఎదుటివాళ్ళు నడుం పట్టుకుని పడేస్తారు. పడిన మరుక్షణం లేచి మళ్ళీ పరుగు. "అమ్మో, వీళ్ళ అమ్మలు ఎలా చూస్తున్నారండీ" అని మా ఆవిడ మొదటి ఆటంతా కళ్ళు మూసుకుంది. రెండో ఆటకు "పట్టుకో, పట్టుకో" అనడం మొదలుపెట్టింది.

అవతలి చివర గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే అయిదు పాయింట్లు. దాన్ని ట్రై అంటారు. మన దగ్గర ట్రై చేస్తానండి అంటే చెయ్యనని మర్యాదగా చెప్పడం. అక్కడ ట్రై చేస్తే పని అయిపోయినట్టే. ఇది నాకు నచ్చి డైరీలో రాసుకున్నాను.

మూడో ఆటలో పసుపు చొక్కాల అమ్మాయి ఒకతె ఇవతలి చివర, కెమెరాకు దగ్గరగా, ఇద్దరి మధ్య నుంచి దూరి పడింది. బంతి సరిగ్గా తెల్లగీత మీద ఆనింది. దాటలేదు. నేను నా కళ్ళతో చూశాను. "కాలేదు" అన్నాను. రిఫరీ చెయ్యెత్తి ఈల వేసింది. అయిదు పాయింట్లు ఇచ్చారు.

తప్పు ఇచ్చారనుకుని, ఆ సంగతి తేల్చుకోవడానికి నియమాల బొత్తి తీశాను. నేను చదవని భాగంలో ఉంది. గోల్ గీత మొత్తం దాని అవతలి గోల్ భాగంలోదే, అందుకే బంతి దాని మీద ఆనినా ట్రై. పక్కగీత మొత్తం బయటిదే. కాలు దాని మీద పడితే చాలు, అవుట్. ఆట నేల గీత లోపలి అంచు దగ్గరే ఆగిపోతుంది. అంటే ఈ ఆటలో గీత ఉమ్మడి గట్టు కాదు, సగం సగం పంచుకునేది కాదు. కొలత తీసేది లోపలి అంచు నుంచి లోపలి అంచుకు.

నేను తాడు నడిమి మీద కట్టమన్నాను.

గీత నాలుగు వేళ్ళ వెడల్పు అనుకుందాం. నా మాట ప్రకారం వేస్తే నేల ఒక్కో కొసనా రెండు వేళ్ళు తగ్గుతుంది. పొడుగులో నాలుగు వేళ్ళు, అడ్డంలో నాలుగు వేళ్ళు. పొలంలో అయితే ఒక వానకు అంతకంటె ఎక్కువ గట్టు కరిగిపోతుంది. టేపు పెట్టి కొలిచేవాడికి మాత్రం అది కనిపిస్తుంది. సాయంత్రం కొలతలు. అప్పుడు టైము పన్నెండు దాటింది.

ముందు నిజంగా తప్పు పడిందో లేదో చూడాలనుకున్నాను. బీరువాలోంచి పాత ట్రేసింగు కాగితం తీసి టీవీ అద్దానికి అంటించి, కనిపించే గీతలన్నీ పెన్సిలుతో దించాను. కాగితం కింద పిల్లలు పరిగెడుతున్నారు. మా ఆవిడ "ఆట కనపడట్లేదండీ, పక్కకి జరగండి" అంటోంది. స్కేలు పెట్టి అరగంట కుస్తీ పట్టాక తెలిసింది. ఆ అద్దం మీద నా పెన్సిలు గీత మందమే అక్కడ మూరెడు నేల. అందులో రెండు వేళ్ళు వెతకడం అయ్యే పని కాదు. కాగితం ఊడదీశాను.

ఫోను చేశాను. ఎత్తలేదు. గ్రౌండులో ఉన్నంతసేపూ వాళ్ళు ఫోను దగ్గర ఉంచుకోకూడదు. అయినా నాలుగుసార్లు చేశాను.

"వాడు ఆయ్ అన్నాడు గానీ, చేస్తానన్నాడా?" అంది మా ఆవిడ.

"ఆయ్ అంటే చేస్తాననే గదా" అన్నాను.

ఆటలు అయ్యాక, కొలతలకు ముందు, చెరిగిన గీతల మీద మళ్ళీ రంగు వేస్తారని అతను ఇదివరకు చెప్పాడు. అప్పుడైనా సరిచేసుకునే వీలుంది. కనక మెసేజి ముందే అక్కడ ఉండాలి. ఏం చెప్పాలో డైరీలో రాసుకుని, రెండుసార్లు చదువుకుని, వాట్సాప్‌లో గొంతు రికార్డు చేశాను. "నేను చెప్పిన తొమ్మిదో మాట తప్పు. తాడు గీత నడిమి మీద కాదు, లోపలి అంచు మీద ఉండాలి. తప్పు నాది, నీది కాదు. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు."

"అక్కడ మీ పేరు ఎవరికి తెలుసండీ" అంది మా ఆవిడ. కానీ టీవీ వదిలి నా వైపు తిరిగి కూర్చుంది. ముప్ఫయ్యేళ్ళు దాటిన నా సర్వీసులో ఒక కొలత తప్పని నా అంతట నేను చెప్పడం ఆమె వినలేదు. నేనూ చెప్పినట్టు గుర్తులేదు.

మెసేజి పక్కన ఒకటే టిక్కు పడింది. భోజనం టీవీ ముందే చేశాను. ఆటలు ముగిసేదాకా కుర్చీ కదలలేదు. నా వల్ల వచ్చిన తప్పయితే దాని ఫలితం కూడా నేనే చూడాలనుకున్నాను. బంతి గీత దగ్గరికి వచ్చిన ప్రతిసారీ టైము వేసి రాశాను. ఆఖరి ఆట అయ్యాక నేల మీద నీడలు పొడుగయ్యాయి. నీలం బట్టల మనుషులు ఇద్దరు రంగు వేసే బండి తోసుకుంటూ రావడం కనిపించింది. అంతలో ప్రసారం ఆగిపోయింది.

రాత్రి ఎనిమిదికి కొంచెం ముందు ఫోను మోగింది.

"బావగారండీ, కొలిచేరండి. సరిపోయిందండి. మూలలు కూడా చూసేరు."

"మరి తొమ్మిదోది? మెసేజి చూసి మార్చేవా?"



"తొమ్మిదోది అసలు చెయ్యలేదండి. ఇక్కడిచ్చిన కాగితంలో లోపలి అంచు అని రాసుందండి. మిగతా పదీ మీరు చెప్పినట్టే చేసేను. మూలల దగ్గర వీళ్ళ కొలత మెషీను పెట్టకముందే మన తాడు పెట్టి చూసుకున్నానండి. తేడా రాలేదు."

"మరి ఆ రోజు ఆయ్ అన్నావు?"

"వింటున్నానని అన్నానండి. మీరు అంత ఇదిగా చెప్తుంటే మధ్యలో ఆపుతామా ఏంటండి?"

మా ఆవిడ ఫోను లాక్కుని తమ్ముడితో మాట్లాడుతూ ఏడుస్తూ నవ్వింది. నేను డైరీ దగ్గర కూర్చున్నాను. తొమ్మిదో అంకె పక్కనున్న ఆయ్‌ని కొట్టెయ్యలేదు. నా డైరీల్లో కొట్టివేతలుండవు. పక్కనే ‘విన్నాడు’ అని రాశాను.

ఆ తరవాత పాత డైరీలు రెండు మూడు దించాను. చాలాచోట్ల ‘రైతుకు గట్టు వివరించితిని, ఆయ్ అన్నాడు, ఒప్పుకున్నాడు’ అని ఉంది. వాళ్ళలో ఎంతమంది ఒప్పుకున్నారో, ఎంతమంది మర్యాదకు విని నేను సైకిలెక్కగానే హద్దురాయి జరిపారో ఇప్పుడు నాకు తెలియదు. ఒకే ఊరికి మూడేళ్ళలో మూడుసార్లు ఎందుకు పిలిపించేవారో మాత్రం కొంచెం అర్థమైంది.

రెండోరోజు కూడా పదిన్నరకల్లా తొమ్మిది మెట్లూ ఎక్కి కూర్చున్నాను. ఇవాళ గీతల కోసం కాదు, ఆట కోసం. పసుపు చొక్కాలు గెలవాలని మా ఆవిడ, వాళ్ళతో ఆడుతున్న ఎర్ర చొక్కాలు గెలవాలని నేను. ఆ రెండు జట్ల ఆటకు ముందు విరామంలో ఒక మనిషి బండి తోసుకుంటూ ఇవతలి గోల్ గీత వెంట నడిచాడు. టోపీ పెట్టుకున్నాడు, మొహం కనపడదు. ఎడం చెయ్యి శరీరానికి కొంచెం వెనగ్గా, పిడికిలి మూసి ఉంది.

"మావాడే" అంది మా ఆవిడ. "గొలుసు పట్టిన చెయ్యి."

అవును. గొలుసు కొస పట్టుకుని నా వెనక నడిచినప్పుడు ఆ చెయ్యి అలాగే ఉండేది. ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి, మూల దగ్గర వంగి ఏదో చూసి, తెరలోంచి బయటికి వెళ్ళిపోయాడు. ఎర్ర చొక్కాలు ఓడిపోయాయి.

ఆ వారంలోనే ఫోర్‌మన్ కాగితం చేతికిచ్చారట. ఆ కబురు చెప్పి, "వచ్చే ఏడు అక్కా మీరూ ఇక్కడికే వచ్చి చూడండి. పాస్‌పోర్టులు తీయించండి బావగారూ" అన్నాడు.

"ఆయ్" అన్నాను.

ఫోను పెట్టాక మా ఆవిడ నా వైపు చూసి, "ఇది ఏ ఆయ్ అండీ?" అంది.

నేను డైరీ తీసి మర్నాటి పేజీలో మొదటి పనిగా రాశాను: అమలాపురం వెళ్ళాలి. పాస్‌పోర్టు ఫోటోలు, ఇద్దరికీ.