లేదన్నాక ఇంకో చుక్క

మొన్న హనుమకొండ కూరగాయల మార్కెట్లో తడి కొత్తిమీర కట్టను ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు చారు కాదు, కుందేళ్లు గుర్తొచ్చాయి. నవ్వుకుంటూ అక్కడే నిలబడిపోయాను. ఎనభైల మొదట్లో వరంగల్‌లో ఒక ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేరినప్పుడు, పొద్దున్నే నా మొదటి పని మార్కెట్లో మిగిలిన కొత్తిమీర, ముల్లంగి ఆకు తెచ్చి వెనుక వరండాలోని కుందేళ్లకు వేయడం. మట్టెవాడలో కిరాణా దుకాణం నడిపే మా నాన్నకు ఇది మింగుడు పడలేదు. డిగ్రీ చదివించింది కుందేళ్లను మేపడానికా అని సణిగేవాడు.

ఆ కుందేళ్లు మా పెథాలజిస్టు డాక్టర్ కరుణ మేడం పెంచినవి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆదివారం చర్చిలో పాడింది చాలదన్నట్టు వారమంతా ల్యాబులో పాడేవారు. కుందేళ్లతో ఆమెకు పనిపడింది ఒక జబ్బు వల్ల. కొందరి శరీరం ఎందుకో సొంత రక్తం మీదే పగబడుతుంది. ఒక రకం ప్రోటీన్ తయారుచేసి ఎర్రకణాలకు అంటిస్తుంది, అవి పగిలిపోతాయి. కళ్లు పచ్చబడతాయి గనుక అందరూ కామెర్లనుకుంటారు. ఆ ప్రోటీన్‌ను పట్టి చూపించే సీరం బొంబాయి నుంచి రైల్లో వచ్చేది. మా ఎండలకు ఐసు కరిగి, మాకు చేరేసరికి అందులో పస ఉండేది కాదు. విసిగిపోయిన మేడం తన రక్తమే తీసుకుని, అందులోని సీరాన్ని, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేలే పచ్చటి నీటిని, కుందేళ్లకు సూదితో ఎక్కించారు. కొన్నాళ్లకు మనిషి ప్రోటీన్‌ను గుర్తుపట్టి పట్టుకునే యాంటీబాడీ వాటి రక్తంలో తయారైంది. ఆ రక్తం నుంచి తీసిన సీరమే ఇక మా పరీక్షకు. వాటికి తన మీద ఎంత కోపముంటే మనకంత లాభమని ఆమె వాటి చెవులు నిమిరేవారు.

పరీక్షకు ముందు రోగి ఎర్రకణాలను ఉప్పునీటితో పలుమార్లు కడగాలి. మేడం ఆ లెక్కకు ఒక కీర్తన పెట్టుకున్నారు. చరణానికొక కడుగు, పాట అయిపోతే కడగడం అయిపోయినట్టు. తరువాత కుందేలు సీరం చుక్క వేస్తే, జబ్బుంటే కణాలు గుంపుకడతాయి. కట్టకపోతే లేదని అర్థం. కానీ అక్కడితో మేడం ఒప్పుకునేవారు కాదు. ఆ ప్రోటీన్ అంటించి సిద్ధంగా ఉంచిన కణాల చుక్క ఇంకొకటి అదే గొట్టంలో వేసేవారు. సీరం బతికుంటే అవి తప్పక గుంపుకట్టాలి. అవీ కట్టకపోతే మన ‘లేదు’ చెల్లదు.

ఒక వానాకాలం రఘునాథపల్లి నుంచి రాజవ్వ అనే ఆమెను వార్డులో చేర్చారు. ముప్పై ఏళ్లుంటాయి. కామెర్లనుకుని పసరు మందు మింగి, ఉప్పు మానేసి, మంచం మీద లేచి కూర్చునే ఓపిక కూడా లేకుండా ఉంది. రక్తం రోజురోజుకూ తగ్గిపోతోంది. మా కుందేళ్ల సీరాన్ని ఒక రోగి రక్తం మీద వాడటం అదే మొదటిసారి. మేడం పాడుతూ కడుగుతుంటే వార్డు డాక్టరు గుమ్మంలో నిలబడి మాట కలిపాడు. జవాబిచ్చి మేడం మళ్లీ పాట అందుకున్నారు. కణాలు గుంపుకట్టలేదు. మేడం నోట లేదన్న మాట విని, ఇది మామూలు కామెర్లే, పథ్యం చెప్పి ఇంటికి పంపేస్తానంటూ ఆయన వెళ్లిపోయాడు.

మేడం అలవాటుగా ఇంకో చుక్క వేశారు. ఆ కణాలూ గుంపుకట్టలేదు. ఇన్ని నెలల శ్రమ, కుందేళ్లు, అన్నీ వృథా అనుకున్నాను. మేడం మాత్రం గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి పకపకా నవ్వారు.

“శారదా, నేనే ఎగ్గొట్టిన. మాటలల్ల పడి మూడో చరణం పాడలే.”

ఒక కడుగు తక్కువైంది. కణాలకు అంటకుండా చుట్టూ మిగిలిపోయిన ప్రోటీన్ మీదే సీరం తన బలమంతా ఖర్చుపెట్టేసింది. ఈసారి తనతోపాటు నన్నూ పాడమన్నారు. దేవుడి పటాల కింద కూర్చుని చక్కెర పొట్లాలు కట్టే కోమటింటి పిల్లను, ఆ కీర్తన మొదలు నుంచి చివరిదాకా పాడాను. గొట్టం అడుగున కణాలు ఎర్రటి ముద్దగా పట్టుకున్నాయి. మేడం కొంగు దోపుకుని, గొట్టం చేత్తో పట్టుకుని వార్డుకు పరుగెత్తారు. నేను ఆమె వెనుకే. డాక్టరు అప్పటికే డిశ్చార్జి రాస్తున్నాడు.

“ఇందాక లేదన్నరు గద మేడం?”

“అన్న. తప్పు చెప్పిన. జర ఆ పెన్ను ఆపు.”

వార్డంతా వినేలా, నవ్వుతూ అన్నారు. ఆ రోజే రాజవ్వకు స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు.

కొన్ని వారాల తరువాత ఆమె తన కాళ్ల మీద తాను నడిచి వచ్చింది. నెత్తిన పచ్చిగడ్డి మోపు. బస్సులో దాన్ని ఎక్కించనంటే కండక్టరుతో కొట్లాడి మరీ తెచ్చిందట. గడ్డి కుందేళ్లకు వేసి, వాటికి దండం పెట్టి, మేడం వైపు తిరిగింది.

“మొదలు లేదన్నరట గదమ్మా. మరి మళ్లెందుకు చూసిన్రు?”

“లేదన్నందుకే చూసినం బిడ్డా. ఉన్నదంటే చూడకపోతుంటిమి.”

మేడం పోయి చాలా ఏళ్లయింది. తరువాత సీరం చెడిపోకుండా చల్లటి పెట్టెల్లో రావడం మొదలైంది, వరండా ఖాళీ అయింది. నేను మాత్రం రిటైరయ్యేదాకా ఆ రెండో చుక్క మానలేదు. ఇంట్లో నన్ను ఏడిపిస్తారు, దుకాణంలో లేదన్నా కౌంటరు వదలనని. మా ఆయన స్కూటరు మీద కూర్చుని ఓపిగ్గా ఎదురుచూస్తుంటాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎంతమంది తల్లులకో, మీ బిడ్డకు ఆ జబ్బు లేదమ్మా అని చెప్పాను. ఆ మాట నమ్మి వాళ్లు ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయారు. నేనూ నిద్రపోయాను.