మోకాలు వంగని సాయంత్రాలు

2025 సెప్టెంబర్ 21, ఆదివారం, సాయంత్రం 4 గంటల 50 నిమిషాలు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు మెదక్‌లో ఆడవాళ్లంతా పూలు పేరుస్తుండగా, రాందాస్ చౌరస్తా దగ్గర పిండి గిర్ని నడిపే యశోద స్టేడియం ట్రాక్ మీద నడుస్తోంది. నడుస్తోంది అన్న మాట సరైనదే. నడుము అటూ ఇటూ తిరగడం చూస్తే మాత్రం కొత్తవారికి నవ్వొస్తుంది.

"వదినా, పండుగనాడు గూడ గీ బాతు నడకేనా? మందంత గునుగు పువ్వు తెచ్చుకుంటుంటే నువ్వు బూట్లు తొడుక్కుంటివి!" గేటు దగ్గరి నుంచి ఆడబిడ్డ భాగ్య అరిచింది.

"ఇరవై నిమిషాలే! నువ్వు పేర్సుకుంట ఉండు, వస్తున్న!"

యశోద వయసు నలభై తొమ్మిది. షుగర్ ఉందని డాక్టరు నడవమంటే ట్రాక్ మీదికి వచ్చింది. ఆమె వేగం గమనించిన విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు మదన్ మోహన్ రేస్ వాకింగ్ నేర్పారు. అందులో ముందుకు వేసిన కాలు నేలను తాకిన క్షణం నుంచి శరీరం దాని మీద నిటారుగా నిలిచే వరకు మోకాలు వంగకూడదు. ముగ్గురు న్యాయనిర్ణేతలు ఎర్ర కార్డు రాస్తే పోటీ నుంచి తొలగిస్తారు.

పోయిన ఏడాది రాష్ట్ర మాస్టర్స్ ఐదు కిలోమీటర్ల పోటీలో, రెండు చుట్లు మిగిలి ఉండగా ఆమెను అలాగే తొలగించారు. ఆ పోటీకి ముందు వచ్చిన బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆమె సాధనకు రాలేదు.

"దినాం మూడు గంటలు బతుకమ్మ సుట్టు తిరిగిన సారూ. గది నడక గాదా?" అని అప్పుడు మదన్ మోహన్‌తో వాదించింది.

"నడకే. కని బతుకమ్మల అడుగడుగుకు వంగుతవు, మోకాలు మడుస్తవు. తొమ్మిది దినాలు కాళ్లకు గదే నేర్పినవ్, గవి నేర్సుకున్నయి. కాళ్ల తప్పేం లేదమ్మా."

సారు బతుకమ్మ మానమనలేదు. అంటే ఆమె వినేదీ కాదు. కదలికను శరీరం ఒకసారి నేర్చుకుని భద్రపరచుకోదు, తరచుగా చేస్తున్నదానినే సహజమని తీసుకుంటుంది. అందువల్ల ఈసారి రోజూ ఆటకు ముందు కొంతసేపు నిటారు మోకాలితో నడవాలని నిర్ణయమైంది. మళ్లీ తొలగిస్తే పోటీల పేరే ఎత్తనని యశోద ఇంట్లో చెప్పేసింది.

పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ వరకు ఇబ్బంది రాలేదు. ఆ రోజు నైవేద్యం పెట్టే సత్తుపిండి కోసం వేయించిన మక్కజొన్నలు, పెసలు డబ్బాల్లో పట్టుకుని గిర్ని ముందు పెద్ద వరుస. సాయంత్రమైనా తరగలేదు.

"ఇయ్యాల బంద్. ఒక్కనాడు నడువకుంటే ఏమైతది?" అంది యశోద, మిషను దగ్గర ఉన్న భర్త రఘుపతితో.

జవాబు వరుస ముందున్న ముసలి ఆగమ్మ నుంచి వచ్చింది. "ఏమైతదో పోయినేడు సూసినవ్ గద! పిండి రఘుపతి పడ్తడు. నువ్వు ఈడనే నడువు బిడ్డా, మేం సూస్తం."

గిర్ని నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా, మళ్లీ వెనక్కి. వరుసలో ఉన్నవాళ్లంతా న్యాయనిర్ణేతలయ్యారు.

"వంగింది! ఎడమ మోకాలు వంగింది!"

"వంగలే అవ్వా, కుచ్చిళ్లు కదిలినయ్!"

"అయితే జర పైకి దోపుకో పిల్లా, కనవడ్తలేదు!"

చూస్తూ నవ్వుతున్న రఘుపతి ఒకామె పెసలను పొరపాటున రెండుసార్లు పట్టాడు. పిండి మెత్తగా వచ్చిందని ఆమె మెచ్చుకుంది.

అక్టోబర్ 12న ఈ ఏటి పోటీ హైదరాబాద్‌లో జరిగింది, మొత్తం పన్నెండున్నర చుట్లు. ఏడో చుట్టు వరకు ఎర్ర కార్డులు చూపే బోర్డు మీద యశోద నంబరు ఎదుట ఏ గుర్తూ లేదు. ఎనిమిదో చుట్టులో ఒక ఎర్ర గుర్తు పడింది. పదకొండో చుట్టులో రెండోది. ఇంకొకటి పడితే బయటికే. ఇద్దరు ఆమెను దాటిపోయారు.

"ఉర్కకు వదినా, ఉర్కకు! పోతే పోనీ వాళ్లను!" భాగ్య కేకలకు పక్కవాళ్లు తిరిగి చూశారు.

యశోద వేగం పెంచలేదు. ప్రతి అడుగులోనూ మడమను ఆనించి, మోకాలిని నిటారుగా ఉంచి, చివరి మలుపు తిరిగి గీత దాటింది. మూడో కార్డు ఎవరైనా రాశారేమో తెలియక అక్కడే నిలబడింది. తొలగించినవారికి సమయం ప్రకటించరు.

మైకులో పేర్లు చదవడం మొదలైంది. భాగ్య ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాలుగో పేరు యశోదది.

37 నిమిషాల 52.4 సెకన్లు.