సోఫాలో కరకర

సోఫాలకు కొత్త బట్ట వేయడంలో ఆవిడ చేతికి తిరుగులేదు. అందుకే అందరూ ఆవిడను సోఫా అక్క అంటారు. అన్నీ మంచి బుద్ధులే గాని, ఒక్కటి మాత్రం చెప్తే నవ్విపోతారు. ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ బిస్కెట్ పాకెట్టు దాచేస్తుంది! కత్తెర్ల సొరుగులో ఒకటి, దిండు గలీబులో ఒకటి, ఫోమ్ ముక్కల సంచి అడుగున ఇంకొకటి. పోనీ తిండికి కరువా అంటే అదీ లేదు. మొగుడు కూడా ఆవిడ పనిచేసే కొట్లోనే చెక్క పని చేస్తాడు. ఇద్దరికీ లోటన్నది లేదు.

చిన్నప్పుడు ఆవిడను పెంచిన పెద్దమ్మ వంటింటి బీరువాకు తాళం వేసి, చెవి బొడ్లో దోపుకునేది. అన్నం కంటే ముందు తిట్లు వడ్డించేది, మహాతల్లి! పగలు దొరికిన రొట్టె ముక్క పరుపు కింద దాచుకుంటే గాని ఆ పిల్లకు రాత్రి కన్ను మూతపడేది కాదు. పెద్దమ్మ పోయింది, బీరువా పోయింది, ఆ భయం మాత్రం పోలేదు. మొగుడికి తెలిస్తే తిండిపోతు అనుకుంటాడేమోనని ఇన్నేళ్లూ గుట్టుగా లాక్కొచ్చింది.

పని చేసేటప్పుడు పక్కన కుట్టని సీటు ఉంటే పాకెట్టు అందులోనే దోపడం, మూతి కుట్టే ముందు తీసేయడం ఆవిడకు అలవాటు. మొన్న పళ్ల డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, మీరు కుట్టిన సోఫాలో ఏముంది? ఎవరు కూర్చున్నా కరకరమంటోంది. పన్ను విరిగిందేమోనని పేషెంట్లు హడలిపోతున్నారు!"

అక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. తీశాను కదా! తీశానా? ఒక్కతే వెళ్లి చడీచప్పుడు లేకుండా చక్కబెట్టుకొద్దామనుకుంటే, మొగుడు పనిముట్ల సంచి భుజాన వేసుకుని ముందే బయలుదేరాడు. ఇవాళ్టితో గుట్టు రట్టే అనుకుంటూ వెనకాలే నడిచింది.

తీరా వెళ్తే డాక్టరమ్మ ఎదురుగానే కుట్లు విప్పాల్సి వచ్చింది. చెయ్యి పెట్టి లాగితే నుజ్జునుజ్జయిన పాకెట్టు బయటికొచ్చింది. అక్క సిగ్గుతో తల దించుకుంది. అంతలోనే కళ్లు పెద్దవి చేసుకుని మళ్లీ చూసింది. అవి క్రీమ్ బిస్కెట్లు! ఆవిడ జన్మలో క్రీమువి కొనలేదు.

"ఇది నాది కాదు!" అనేసింది, ఉండబట్టలేక.

"నేనే పెట్టాను," అన్నాడు మొగుడు తల గోక్కుంటూ. "నీ పాకెట్టు కింద దోపాను. నువ్వు పైది తీసుకుని కుట్టేసినట్టున్నావ్."

"నువ్వెందుకు పెట్టావు?"

"నువ్వు దాచినవి ఉండి ఉండి మెత్తబడిపోతాయి కదా. అవి తీసేసి, అదే రకం కొత్తవి పెడుతుంటాను. పెళ్లయిన కొత్తలోనే మొదలెట్టాను. మొన్న కిరాణా కొట్లో క్రీమువి కనిపిస్తే, నీకు నచ్చుతాయేమోననీ..."

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. "తీపి తినొద్దని నేను నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, నా సోఫాలోనే దాస్తారా మీరు!"

అక్కకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఇన్నేళ్లు ఎవరికి భయపడి దాచిందో, ఆ మనిషే వెనకాల తిరుగుతూ కొత్తవి పెడుతున్నాడు! కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"తెలిసి కూడా ఒక్క మాటైనా అడగలేదేం?"

"అడిగితే సిగ్గుపడి మానేస్తావు," అన్నాడు అతను, నేల మీద రాలిన పొడి ఎత్తుతూ. "మానేస్తే నీకు నిద్ర పట్టదు."