పాకాల స్టేషన్లో పెదవుల మాట

ఆదివారం. పొద్దున్నుంచి మబ్బు. మిద్దె మీద నీళ్ల తొట్టి కడిగేసి, తిరుపతి రైలు కోసం పాకాల స్టేషన్‌కు వెళ్లాను.

ఎదుటి ప్లాట్‌ఫారంలో కాట్పాడి రైలు ఆగి ఉంది. కిటికీ పక్కన మునిరత్నం అన్న. నగరిలో నేను మొదటగా పనికి చేరిన మరమగ్గాల షెడ్డులో నా పక్క మగ్గం ఆయనదే. వెలుతురులో నూలు ధూళి మంచులా తేలుతుండేది. మగ్గాల మోతలో గొంతు వినపడదు కాబట్టి అందరం పెదవులు కదిపే మాట్లాడుకునేవాళ్లం. ఇన్నేళ్లకు మళ్లీ, పట్టాల ఇవతలి నుంచి అలాగే అడిగాను.

"యాడికన్నా?"

"వేలూరికి. రేపు గుండె ఆపరేషన్ అబ్బా."

"భయంగా ఉండాదా?"

పక్కన ఇడ్లీ పొట్లం విప్పుతున్న వదిన వైపు చూసి, మళ్లీ నా వైపు తిరిగాడు.

"శానా. మీ వదినకు తెలీనీలేదు."

"సగం నాకిచ్చేసినావులే. పోయి రా."

రైలు కదిలింది. వదిన నన్ను చూసి ఆయన్ను ఏదో అడిగింది. "తిన్నావా అంటా ఉండాడు" అని ఆయన చెప్పడం పెదవుల మీద చదివాను.

నా మొదటి ఉద్యోగం నాకు నేర్పింది ఈ పెదవుల మాట; మీది మీకేం నేర్పిందో కింద కామెంట్లో రాయండి. తిరుపతిలో ఏ పని చూసుకొచ్చానో ఈ పూట రాయబుద్ధి కావడం లేదు.