ఆపనివ్వని ఇంజను

కరోనా సద్దుమణిగిన ఏడాది నేను నంద్యాలలో ఒక ట్రాక్టర్ల వర్క్‌షాపులో సూపర్‌వైజరును. మెకానిక్కులకు పని పంచడం, రిపేరైన ప్రతి బండినీ నడిపి చూసి బయటికి వదలడం నా బాధ్యత. ఆ తర్వాత నడుము అరిగి, వయసు రాకముందే రిటైరయ్యాను. ఫోనులో శబ్దం విని ఇంజను జబ్బు చెప్పేవాణ్ణని ఇప్పటికీ నా గురించి అంటారు. ఆ మాట పుట్టించింది నేనే. ఇది మాత్రం కల్పన కాదు. కల్పించి ఉంటే ఇంతకన్నా మంచి ముగింపు పెట్టేవాణ్ణి.

ఆళ్లగడ్డ దగ్గర మా పిన్నమ్మ కొడుకు దేవదానానికి నిమ్మతోట ఉంది. చెట్ల వరుసల మధ్య దున్నే కాడెద్దులను అమ్మేసి, పాత మినీ ట్రాక్టరు కొనాలనుకున్నాడు. నంద్యాల శివార్లలో ఒక పెద్ద ఆసామి చవగ్గా ఇస్తానన్నాడని, వచ్చి చూడమని నన్ను పిలిచాడు.

మేం పోయేసరికే ఇంజను తిరుగుతోంది. బానెట్‌కు పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. పాత బండి కొనేవాళ్ళకు మొదటి నియమం, చల్లారిన ఇంజనును దాని సెల్ఫ్ స్టార్టరుతోనే లేపించడం. డీజిల్ ఇంజను ఒకసారి తిరగడం మొదలుపెడితే దానికి కరెంటుతో పనిలేదు. బ్యాటరీ చచ్చినా, డైనమో కాలినా నడుస్తూనే ఉంటుంది. జబ్బు బయటపడేది ఆపి మళ్ళీ లేపినప్పుడే. హారన్‌కు మాత్రం కరెంటు కావాలి కాబట్టి నొక్కి చూశాను. జలుబు చేసిన మేక దగ్గినట్టు వచ్చింది. ఒకసారి ఆపమన్నాను.

"ఆపొద్దప్పా," అన్నాడు ఆసామి. "టెంకాయ కొట్టినాక బండి కొత్త ఇల్లు చేరేదాకా ఇంజను నిలబడగూడదు. మా తాతల కాడినుంచీ ఇదే పద్ధతి."

హారన్ సంగతేమిటని అడిగితే, "ముసలిదైంది గదా, గొంతు పోయింది. నీది బాగుందా ఏంది?" అన్నాడు.

నేనూ దేవదానమూ చర్చికి పోయే ఇళ్ళవాళ్ళం. ఎదుటివాళ్ళ పూజ దగ్గర ఎందుకని అడగడం మా ఇళ్ళలో తప్పు. నేను మళ్ళీ నోరు తెరవబోతే దేవదానం చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"ఊరుకోన్నా. వాళ్ళ దేవుని కాడ మనమేందీ మాట్లాడేది?"

ఊరుకున్నాను. దేవదానం డబ్బిచ్చి బండి తోలుకుని బయల్దేరాడు. దారిలో శిరివెళ్లలో బండి దిగకుండానే, ఇంజను ఆపకుండానే టీ తాగాడు. ఇల్లు చేరాక ఆపాడు.

మర్నాడు తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. నేను పోయి విప్పాను. డైనమో లోపల బొగ్గయింది, సెల్ఫ్ మోటారు కాలింది, వైరింగు నిండా వైరు కంటే టేపే ఎక్కువ. ఆ రకం బండి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. సామాన్లు నంద్యాలలోనూ లేవు, డోన్‌లోనూ లేవు. ఇద్దరం ఆసామి దగ్గరికి పోయాం. గేటు బయటే నిలబెట్టి మాట్లాడాడు.

"నేనిచ్చినప్పుడు తిరుగుతాన్నింది గదప్పా. నిలిపిందెవరు?"

కొన్నాళ్ళు పక్క పొలాలవాళ్ళు పొద్దున్నే వచ్చి బండిని నెట్టి స్టార్టు చేసేవాళ్ళు. తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో పని తగిలింది. వానలు పడ్డాయి, నేల ఒక్కసారిగా పదునుకొచ్చింది, దున్నేందుకు ఎద్దులు లేవు, బండి కోసం అమ్మేశాడు. గడ్డి మోకాలి దాకా లేచింది. ఆ ఏడు కాపు పలచబడింది. మరుసటి ఏడు తోటను కౌలుకిచ్చి, దేవదానం అదే తోటలో కాయలు కోసే కూలికి పోయాడు. కౌలుదారు దున్నించింది ఎద్దులతోనే.

ఆ పద్ధతి గురించి తర్వాత చాలామందిని అడిగాను. యాగంటిలో వాహన పూజలు చేసే అయ్యవారినీ అడిగాను. అలాంటిదొకటి ఉందని ఎవరూ ఎప్పుడూ వినలేదట. పాతికేళ్ళుగా కథలల్లే నేను, నా ముందే అల్లిన కథను పోల్చుకోలేకపోయాను.

పాత యంత్రాన్ని కొనేముందు ఆపి చూడాలి. ఆపడానికి అమ్మేవాడు ఏ కారణంతో అడ్డం చెప్పినా, దేవుడి పేరుతో చెప్పినా సరే, అక్కడినుంచి లేచి రావాలి. అవతలివాడికి కోపం వస్తుంది. రానివ్వాలి.