బ్రేకుల కూత

కోపం నాకు పుట్టుకతోనే వచ్చింది. "వీడు కడుపుల ఉన్నప్పుడే మా అవ్వను తన్నిండు" అని మా అక్క అందరికీ చెప్పి నవ్వేది. అవ్వ నా చిన్నతనంలనే పోయింది. నన్ను సాదింది అక్కనే. జొన్న గట్క తినిపిచ్చుకుంట, తిట్టుకుంట, ఎత్తుకోని తిరుగుకుంట సాదింది. గందుకే గీ ముచ్చట చెప్పాల్నంటే ఇప్పటికి గూడ నా తల కిందికే పోతది.

మాది బండ్లు తోలే ఖాందాన్. తాతది ఎడ్లబండి, బాపుది ఎడ్లబండి. మోటరు పట్టింది నేనొక్కణ్ణే. జనగామల ఒక సేటు దగ్గర డ్రైవరు పని. ఆముదాలు, పల్లికాయ కొని రైలుకెక్కించే యాపారం ఆయనది. దొరల మీద తిరుగబడ్డ సంగపోళ్ళకు భయపడి హైదరాబాదుకు ఉరికిన ఒక దొర తన కారును అడ్డికి పావుశేరు కింద అమ్ముకుంటే మా సేటు పట్టుకున్నడు. అప్పటికి రజాకార్ల పీడ పోయింది, నిజాం దిగిండు, యూనియన్ మిల్ట్రీ ఊర్లల్ల క్యాంపులేసుకోని కూసున్నది. సంగపోళ్ళు మాత్రం ఇంక అడివి ఇడువలే. మా బావ గూడ వాళ్ళ ఎంబడే గంగారం అడివి దిక్కు పోయిండు. రఘునాథపల్లి అవతల చిన్న ఊర్ల మా అక్క, ఆమె మామ, ఇద్దరే మిగిలిన్రు.

కారుకు బ్రేకులు అరిగినయి. తెల్వనోళ్ళకు చెప్తున్న, చక్రం లోపల గుండ్రంగ ఇనుప డ్రమ్ము ఉంటది. బ్రేకు తొక్కితే రెండు వంపు ముక్కలు దాన్ని లోపలి నుంచి ఒత్తి పట్టుకుంటయి. ఆ ముక్కల మీద రివిట్లు కొట్టి అతికించేదే లైనింగు. గదే అరుగుతది, గదే మార్చాలె. కంపెనీ లైనింగు విలాయతి నుంచి దిగాలె, ఎప్పుడు దిగుతదో ఆ దేవునికే ఎరుక. సేటు సికింద్రాబాదు పోయి ఏదో అంగట్ల బయటి సామాను తెచ్చిండు.

"గిది గూడ గంతే మంచిదట, ఎయ్యిరా" అన్నడు.

ఏసిన. నా చేతులతోనే రివిట్లు కొట్టిన. నా పని నాకే ముద్దొచ్చి, ఈల ఏసుకుంట బండి బయటికి తీసిన. మూల మలిగేకాడ బ్రేకు తొక్కిన్నో లేదో, కీ... అని ఒకటే కూత. ఓ అవ్వో! బజారుల కుక్కలు సుత లేచి నిలబడ్డయి. చాయ హోటలు ముంగట కూసున్నోళ్ళు ఒక్కటే నవ్వుడు.

"అగో, సేటు పందిని కోస్తున్నడురో! నాకో కూర పోగు పెట్టుండ్రి!"

మా సేటుకు మాంసం పేరు చెప్తేనే కడుపుల తిప్పుతది. ఎనుక సీట్ల రెండు చెవులు మూసుకోని "తోలురా, ఆపకు, తోలు" అని లొల్లి. ఆపకుండ ఎట్ల తోలాలె? నేనేమన్న రైలు నడుపుతున్ననా? రోజూ గదే పంచాది. బజారుల దిగాల్నంటే సిగ్గుతోని సచ్చేటోణ్ణి.

గది జనగామల సిగ్గు. దులుపుకుంటే పోయేది. అసలు సిగ్గు అక్క ఊర్ల అయింది.

సేటు రఘునాథపల్లిల సరుకు చూసుకుంటుండె. "జర మా అక్కను చూసొస్త సేటూ" అని అడిగి, కారుతోనే పోయిన. నడిచి పోవచ్చు, దూరం గాదు. కానీ కారుల దిగాలె గద! ఎడ్లు తోలేటోని కొడుకు కారు తోలుకుంటొస్తుంటే ఊరు చూడాలె, అక్క అత్తగారోళ్ళు చూడాలె. గిదీ నా మనసుల ఉన్నది. ఊరి మొదట్ల బ్రేకు తొక్కిన. కూసింది. దుమ్ము సల్లబడినంక చూస్తె ఒక్క మనిషి లేడు. అరుగు మీద పల్లెంల తినేటి గట్క అట్లనే ఉన్నది, పక్కన చెంబు దొర్లి నీళ్ళు పారుతున్నయి. జొన్నచేన్లు ఊగుతున్నయి, గాలి లేకుండనే.

అక్క నిండు గర్భిణి. ఉరుకరాక ఇంట్ల గోడకు ఒరిగి కూసున్నది. నన్ను చూసి "నువ్వారా?" అన్నది. అని ఏడ్చింది. ఏడ్చినంక ఇగ దంచుడు మొదలువెట్టింది.

"నీ కారు కాల్చ! మిల్ట్రీ జీపు ఆగేటప్పుడు గిట్లనే కూస్తదిరా. గా కూత ఇంటే మొగోళ్ళంత చేన్లల్ల పడ్తరు. మీ బావ ఏడున్నడో చెప్పుమని మా మామను ఎన్నిసార్లు గుంజుకపోయిన్రో నీకు ఎరుకేనా? మంచిగ వచ్చినవ్ తీ తమ్ముడు, ఊరునంత ఉరికిచ్చినవ్."

పోయేటప్పుడు అక్క దర్వాజ దాక వచ్చి మెల్లగ అన్నది: "కాన్పయినంక తొట్టెల నాడు మేనమామవు నువ్వే పిల్లను ఎత్తి తొట్టెల్ల ఎయ్యాలె. రా. కానీ గా కూత తోని రాకు. కూత పోకుంటే నువ్వు గూడ రాకు."

ఇగ నాకు నిద్ర లేదు. సేటు తిట్లు నాకు లెక్కలేవు. అక్క ఇంటి ముంగట బండి ఆపితే ఒక్కలు గూడ ఉరుకొద్దు, నన్ను తమ మనిషి అనుకోవాలె. గదొక్కటే నాకు కావాల్సింది.

సేటు గోదాముల బండిని ఎత్తిపెట్టి చక్రాలు ఊడదీసిన. ముందుగాల దుమ్ము అనుకున్న. పెట్రోలు గుడ్డతోని తుడిచిన. నూనె మాత్రం దగ్గరికి రానియ్యలే. లైనింగుకు నూనె తాకిందా, ఇగ అది డ్రమ్మును పట్టది, జారుతది. మల్ల బిగించి తోలిన. కూసింది. రివిట్లు పైకి లేచి డ్రమ్మును గీకుతున్నయేమో అని ఒక్కొక్కదాన్ని ఏలుతోని తడిమి చూసిన. అన్నీ లోపలికే ఉన్నయి. స్ప్రింగులు ఢీలయినయా అని అవీ మార్చిన. బిగించిన, తోలిన, కూసింది. కోపమొచ్చి పానా తీసి గోడకు కొడితే, గోడ పెచ్చులూడి ఆముదాల బస్తాల మీద పడ్డయి. సేటు ఉరికొచ్చి నన్ను గాదు, బస్తాలను చూసుకున్నడు.

ఆఖరికి సుద్దముక్క తీసుకున్న. లైనింగు మీద నిండ సుద్ద రాసి, చక్రం ఎక్కించి, బ్రేకు మెల్లగ ఒత్తి పట్టుమని గోదాము హమాలికి చెప్పి, చక్రాన్ని చేతులతోని తిప్పిన. తీసి చూస్తె సుద్ద నడుమల అట్లనే ఉన్నది. ఒక్క అంచుకు మాత్రం సన్నగ చెరిగి నున్నగ మెరుస్తున్నది.

దొరికింది దొంగ! పాత లైనింగు సన్నది. గది ఏండ్లకేండ్లు రాసుకోని డ్రమ్మును తన ఎడల్పు మేరకే లోతు చేసింది. పక్కన అరుగని జాగ పొలం గట్టు లెక్క మిగిలింది. బయటి సామాను జర ఎడల్పు. గది లోతుల కూసోకుండ గట్టు మీద ఎక్కి కూసున్నది. అంచు ఒక్కటే తాకుతుంటే కూయక ఏంజేస్తది? ఆకురాయి పట్టుకోని అన్ని లైనింగుల అంచులు రాకిన. మొన దగ్గర ఏటవాలు చేసిన. నాలుగు చక్రాలు బిగించి బజారుల తోలి, హోటలు ముంగటనే గట్టిగ తొక్కిన. సప్పుడు లేదు. ఒకాయన "ఏమాయెరా, పంది సచ్చిందా?" అన్నడు. నవ్విన. శానా దినాలకు నవ్విన.

అక్కకు కాన్పయినంక, తొట్టెల నాడు సేటును అడిగి కారుతోని పొద్దుగాల్నే పోయిన. రాత్రి మంచు పడి డ్రమ్ములు తడిసినయేమో, ఊర్లకు మలిగేకాడ చిన్నగ ఒక్కసారి కుయ్యిమన్నది. ఇద్దరు లేసి నిలబడ్డరు. నన్ను గుర్తువట్టి మల్ల కూసున్నరు. ఎవ్వరూ ఉరుకలే. నాకు పాణం లేచొచ్చినట్టయింది. పిల్లను ఎత్తి తొట్టెల్ల ఏసిన. ఆడిపిల్ల, అక్క లెక్కనే ముక్కు. మేనమామ అని నాకు కొత్త చాప ఏసి అన్నం పెట్టిన్రు.

అక్క మామ నా పక్కన వచ్చి కూసున్నడు. పెద్దమనిషి. బతుకంత ఎడ్లబండే తోలిండు, మాటలు తక్కువ.

"బిడ్డా, నీ బండి ఇంక జరంత కూసింది గద. కందెన పెట్టినవా?" అన్నడు.

ఎడ్లబండి చక్రం కూస్తె ఇరుసుకు కందెన పెడ్తరు. ఆముదంల కాల్చిన గడ్డిమసి కలిపి గొట్టంల పోసి బండికే ఏలాడదీసుకుంటరు. నేను పుట్టింది గూడ ఆ వాసనలనే. మోటరుకు గట్ల గాదు అని చెప్పాలె. చెప్పలే. అందరూ నన్నే చూస్తున్నరు, నోట్ల బూరె ఉన్నది, కడుపుల గర్వం ఉన్నది.

"నువ్వే జర చూడు మామా, నీకు తెల్వని బండా!" అని ఆట పట్టిచ్చిన. అందరూ నవ్విన్రు. ఆయన గూడ నవ్వి లేచి పోయిండు.

తిన్నంక అక్కకు సోకు పుట్టింది. "నన్ను ఒక్కసారి ఎక్కించుకోరా. పిల్లకు గూడ గాలి తాకుతది." పిల్లను ఒళ్ళె పెట్టుకోని ముంగట కూసున్నది. పట్టుచీర కట్టుకున్నంత సంబురం మొకంల. ఊరు దాటి వాగు దిక్కు దిగుడు ఉంటది. దిగుట్ల బ్రేకు తొక్కిన.

తొక్కుడు తొక్కినట్టే ఉన్నది, బండి పోవుడు పోయినట్టే ఉన్నది. మల్ల తొక్కిన. చేతి బ్రేకు గుంజిన. పట్టలే. అక్క పిల్లను రెండు చేతుల కప్పుకోని "ఓరి తమ్ముడో" అన్నది. ముంగట వాగు, పక్కన గడ్డివాము. తిప్పి గడ్డివాముల గుద్దిన. గడ్డి మొత్తం మా మీద పడ్డది. పిల్ల ఒక్కసారి తుమ్మి కేరుమన్నది. దెబ్బ ఎవ్వరికీ తాకలే, దేవుడున్నడు.

దిగి చక్రం దగ్గర వంగిన. డ్రమ్ము సందులకెల్లి నల్లగ కారుతున్నది. ఏలు పెట్టి వాసన చూసిన. ఆముదం. నాలుగు చక్రాలకు, దేనికీ తక్కువ చెయ్యకుండ.

ఎవరు పెట్టిన్రో నాకు గప్పుడే తెలిసి ఉండాలె. కోపంల తెలుస్తదా? పిల్ల ఏడుపు చెవులల్లనే ఉన్నది. ఉరికొచ్చిన జనం దిక్కు తిరిగి ఒర్లిన.

"ఎవడ్రా నా బండిని ముట్టింది? ఏ గాడిద కొడుకురా? చెట్టుకు కట్టేసి తోలు తీస్త కొడుకా!"

నా బండి అన్న. సేటు బండి, అంతకు ముందు ఒక దొర బండి. ఎనుక నుంచి అక్క మామ వచ్చిండు. చేతుల కందెన గొట్టం ఉన్నది. దాన్ని కింద పెట్టిండు. చెప్పులు ఇడిసిండు. నెత్తి రుమాలు తీసి నడుముకు కట్టుకున్నడు. నడుము వంచి రెండు చేతులు జోడిచ్చిండు.

"నేనే దొరా. తప్పయింది. బాంచెన్, నీ కాల్మొక్త."

పిల్లనిచ్చినోళ్ళం మేము. వాళ్ళ ముంగట వంగాల్సింది మేము. నాకు భూమి పలిగితే బాగుండు అనిపిచ్చింది. ఉరికి పోయి భుజాలు పట్టుకున్న. "మామా, లే. నేను మామా. నీ కోడలు తమ్ముణ్ణి. నేనే చూడుమన్న గద, తప్పు నాది, లే మామా." ఆయన భుజాలు కట్టె లెక్క బిగిసినయి. వంగిన నడుము లేవలే. కండ్లు నా కాళ్ళ మీదనే ఉన్నయి. నా మాట ఆయన ఇంటలేడు.

గడ్డి దులుపుకుంట అక్క దిగొచ్చింది. నా మీద ఒర్రలే. ఒర్రితే మంచిగుండు.

"మిల్ట్రోళ్ళు కట్టెలతోని కొట్టినప్పుడు గూడ గీ మాట అనలేదురా మా మామ" అన్నది. "సంగం వచ్చి దొరలను ఉరికిచ్చినంక ఎవ్వనికీ బాంచెన్ అనలే."

"ఎట్ల లేపాలె అక్కా?"

"నువ్వు బతిమాలితే లేవడు. దొర పొమ్మంటెనే పోవాలె గద, గట్లనే నిలబడి నిలబడి అలవాటయింది. దొర లెక్క పొమ్మను."

"పో మామా" అన్న. కదలలే.

ఇంకోసారి నోరు తెరిచిన. చుట్టూ ఊరంత నిలబడి చూస్తున్నది.

"సరే, పో" అన్న.

గప్పుడు నడుము లేపిండు. నాకు వీపు చూపియ్యకుండ నాలుగడుగులు ఎనుకకు నడిచి, మలిగి, ఇంటి దిక్కు పోయిండు. అక్క పిల్లను సంకనేసుకోని ఆయన ఎంబడి నడిచింది. నన్ను రమ్మనలే.